ఓరుఁగంటి పతనస్మృతి : కాలవిచారము

జాతికి వాటిల్లిన మహావిపత్తును జనులందఱు గూడి స్మరింపవలసిన కాల మేది? విపత్తు సంభవించిన తిథియా, నూఱేండ్లు నిండిన సంవత్సరమా, లేక చెడిన దానిలోఁ గొంతయైన మరల నిలువఁబెట్టఁబడిన దినమా? ఈ ప్రశ్న యాంధ్రదేశమున నోరుఁగంటి విషయమున వచ్చినంత స్పష్టముగా మఱియొకచోట రాదు. క్రీ. శ. 1323లోఁ గాకతీయ సామ్రాజ్యము కూలినది. 2023తో నేడువందల యేండ్లు నిండినవి. సంవత్సరము తెలిసినది, స్మరింపవలసిన దినమో, విచారింపఁదగి యున్నది.

మొదట వృత్తాంతము. ఢిల్లీసేనలు 1303లోఁ దెలుఁగునేలమీఁదికి వచ్చి యోడి మరలినవి. 1310లో మాలిక్ కాఫరు ముట్టడింపఁగాఁ బ్రతాపరుద్రుఁడు ధనమును, ఏనుఁగులను, గుఱ్ఱములను గప్పముగా నొసఁగి సంధి చేసికొనెను. 1318లో ఖుస్రూఖాను వచ్చెను. పిదపఁ దుగ్లకు వంశపు యువరాజు ఉలుఘ్ ఖాను కోటను ముట్టడించి, సుల్తాను మరణించెనను నసత్యవార్త దండులోఁ బ్రాఁకఁగా వెనుదిరిగెను. కొలఁది మాసములకే మరల వచ్చి 1323లోఁ గోటను గైకొనెను. నగరమునకు సుల్తానుపురమని పేరు పెట్టఁబడెను.

బందీయై ఢిల్లీకిఁ గొనిపోఁబడుచున్న ప్రతాపరుద్రుఁడు మార్గమధ్యమున మరణించెనని షంసు సిరాజు అఫీఫు వ్రాసెను. ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము సోమోద్భవాతీరమున గతించెనని చెప్పుచున్నది. సోమోద్భవ యనఁగా నర్మద; ఈ నామము నమరసింహుఁడును బరిగణించెను. రాజమహేంద్రవరపు రెడ్డిరాణి యనితల్లి కలువచేరు శాసనము రాజు స్వేచ్ఛచేతనే స్వర్గమున కేఁగెనని పలుకుచున్నది. బందీ బ్రతుకునకు రోసి ప్రాణత్యాగము చేసెనని కొందఱు పండితు లిందుండి యూహించిరి. ఈ మూఁడు సాక్ష్యములయందును స్థలము కలదు, రీతి కలదు; తిథి లేదు.

ఈ లోపము తెలుఁగువారి కాలగణనాశక్తికి సంబంధించినది కాదు. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకమును శాసనములు శా. శ. 944, సింహమాసము, బహుళ విదియ, గురువారమని నక్షత్రముతోఁ గూడ నిర్దేశించినవి. ఆ నిర్దేశ ముండుటచేతనే 1922లోఁ దొమ్మిదివందలవ సంవత్సరమని నిస్సంశయముగా నెంచి పట్టాభిషేకసంచికను వెలువరింపఁ గలిగిరి. జయించినవారును దమ దినమును మఱవలేదు. రాజమహేంద్రవరపు మసీదు శాసనము హిజరీ 724 రంజాను 20, అనఁగా 1324 సెప్టెంబరు 10, అని తేదితో నున్నది. పట్టము గట్టిననాఁడును, కట్టడము లేచిననాఁడును వ్రాయువాఁడుండును. కోట పడిననాఁడు వ్రాయసకాఁడు నుండఁడు, శిలను జెక్కువాఁడు నుండఁడు. ఉత్సవమునకుఁ దిథి సులభము, విపత్తునకు దుర్లభము.

కాకతీయ కుటుంబముననే దీనికి మఱియొక దృష్టాంతము కలదు. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము శా. శ. 1211 విరోధి సంవత్సర మార్గశిర శుద్ధ ద్వాదశి నాఁటిది. 1289 నవంబరు 27. రుద్రమదేవికిని మల్లికార్జున నాయకునికిని శివలోకప్రాప్తి కలుగుటకై పువ్వుల ముమ్మడి యనునతఁడు చేసిన దానము నిది తెలుపును. రాణి మరణమునుగూర్చి దొరకిన సమకాలిక సాక్ష్యమిది. అయినను నందలి తిథి దానతిథియే కాని మరణతిథి కాదు. రాణి గతించిన దినమును శిల చెప్పదు. ఆమెకై యొకఁడు పుణ్యము చేసిన దినమును జెప్పును. మనవారి స్మరణరీతికి నిది సూత్రప్రాయము.

ఈ సూత్రముతోఁ బతనానంతర శాసనములను జదివిన నాశ్చర్యకరమైన యేకవాక్యత కనఁబడును. మొదటిది విలస శాసనము. దీనికాలము 1330 ప్రాంతమని విద్వాంసుల నిర్ణయము. ప్రతాపరుద్ర సూర్యుఁ డస్తమింపఁగాఁ దురుష్కాంధకారము లోకమును గప్పినదనియు, దేవాలయములు చెడినవనియు, నగ్రహారములు హరింపఁబడినవనియు, కర్షకుల పంట దోఁచికొనఁబడినదనియు నిందు విస్తారముగా వర్ణింపఁబడినది. పతనమును జూచిన తరము వారి మాట యిది. కాని యా విలాపము శాసనమున కారంభము మాత్రమే. గోదావరీతీరమున రేకపల్లి రాజధానిగాఁ బ్రోలయ యగ్రహారములను మరల బ్రాహ్మణుల కిచ్చుటయు, విలసగ్రామమును దానము చేయుటయు దాని ప్రయోజనము. దుఃఖము చెప్పఁబడినది, చెప్పఁబడిన సందర్భ ముద్ధరణము.

రెండవది శా. శ. 1345, అనఁగా క్రీ. శ. 1423 నాఁటి కలువచేరు శాసనము. ఇది ప్రోలయ కాపయల వృత్తాంతమును, కాపయను గొలిచిన డెబ్బదియైదుగురు నాయకులను, కాపయ గతించినపిదప వారు తమతమ స్థానములకుఁ బోయి పాలించుటను దెలుపును. ఇదియు దానశాసనమే. మూఁడవది యోరుఁగంటికోటలోని 1504 నాఁటి షితాబుఖాను శాసనము. సీతాపతి యనునది యితని నామము. ఖాను బిరుదము బహమనీ కొలువున వచ్చినది. ఏకశిలానగరమును గైకొని, స్థానభ్రష్టమై యుండిన కాకతిరాజ్యదేవతను మరలఁ బ్రతిష్ఠించి, పాంచాలరాయని నిలిపితినని యితఁడు చెప్పుకొనెను. కొలఁదికాలమునకే గోలకొండవా రతనిని వెడలఁగొట్టిరి. అయినను, ఖాను బిరుదము ధరించినవాఁడే కాకతిదేవత నుద్ధరించుట గమనింపఁదగినది. పతనస్మృతి యొక మతమువారిమీఁది వైరముగా మాఱుట యవశ్యకము కాదని యీ శిలయే సాక్షి.

ఇచట నొక పూర్వపక్షము. కలువచేరు శాసనము పతనమునకు సరిగా నూఱేండ్లకు వచ్చినది. 1323 తెలుఁగులెక్కకు రుధిరోద్గారి. ఆ సంవత్సరము మూఁడవమాఱు తిరిగి వచ్చినది 1503 ఉగాదినుండి 1504 ఉగాదివఱకు. షితాబుఖాను శాసన మించుమించుగా నా కాలముననే కలదు. కాఁబట్టి పూర్వులు వత్సరములు లెక్కించి స్మరించిరని యనవచ్చునా? అనరాదు. యౌగపద్యము మాత్రము హేతువు కాదు. శతసంవత్సరములకుఁ బండుగ చేయు నాచారము మన శాసనములలో లేదు. అనితల్లి దానము చేయఁగలిగినపుడు చేసినది. షితాబుఖాను కోట చేతఁ జిక్కినపుడు దేవతను నిలిపెను. వారి కాలమును నిర్ణయించినది సామర్థ్యము, గణితము గాదు.

అయినను, నేఁటివారు లెక్కింపఁదలఁచిన నే లెక్క తగును? శతాబ్దగణనము వచ్చినదారి వేఱు, షష్ట్యబ్దచక్రము మనది. ఈ రెంటికిని బొత్తు లేదు. ఏడువందలు నిండిన 2023 శోభకృత్తు. కలువచేరు శాసనమునాఁటిదియు శోభకృత్తే. రుధిరోద్గారి మరల వచ్చునది 2043లో. నాఁటికిఁ బండ్రెండు చక్రములు నిండును. రుధిరమును గ్రక్కునది యని విగ్రహవాక్యము చెప్పఁదగిన యా పేరు కోట పడిన యేఁటికిఁ దగియే యున్నది. కాని పేరును జూచి కారణము కల్పించుట శాబ్దికునకుఁ దగదు. అఱువదేండ్ల కొకసారి యా పేరు శాంతముగాను గడచిపోవును.

తిథి తెలియనపుడు ధర్మశాస్త్రము నిరుత్తరమై యుండలేదు. మాసము తెలిసి తిథి తెలియనిచో నమావాస్య గ్రాహ్యము. మాసతిథులు రెండును దెలియనిచో నింటినుండి బయలుదేఱిన దినమును, అదియుఁ దెలియనిచో మరణవార్త విన్న దినమును గ్రహింపవలె నని నిబంధనకారులు. శస్త్రహతులకు మహాలయపక్షమున భాద్రపద బహుళ చతుర్దశి ప్రత్యేకముగా విధింపఁబడినది. ఓరుఁగంటి కోటగోడలయొద్దఁ బడిన పేరులేని భటుల కందఱికి శాస్త్ర మేనాఁడో దినము నిర్ణయించియే యున్నది. మఱునాఁడు పెత్రమాస, ఆ సాయంకాలముననే యోరుఁగంటి వాడలలో నెంగిలిపూల బతుకమ్మ యారంభమగును. బతుకమ్మ పుట్టుక యీ యుద్ధమునకు సంబంధించినదని చెప్పుట సాహసము. పితృతర్పణము ముగిసిన దినముననే పూలపండుగ మొదలగుట మాత్రము ప్రత్యక్షము.

అన్యజాతులును నిట్లే చేసినవి. యెరూషలేములోని ప్రథమదేవాలయము దహింపఁబడిన దినము ఆబ్ మాసమున ఏడవదని రాజుల రెండవ గ్రంథము, పదవదని యిర్మీయా గ్రంథము. యూదులు తొమ్మిదవ దినమును గ్రహించి, క్రీ. శ. 70లో రోమకులు చెఱచిన ద్వితీయ దేవాలయమునకును నా దినముననే యుపవసించుచున్నారు. కాన్‌స్టాంటినోపిలు పడిన దినము 1453 మే 29, మంగళవారము. గ్రీకులకు మంగళవారము నేఁటికిని నశుభము. ఒకచోట గ్రంథములు భిన్నించినను దినము నిలిచినది. వేఱొకచోట దిన మెఱిఁగియుండుటచే వారమునకే నింద తగిలినది. స్మృతిదినమును స్థాపించునది సంఘము. చరిత్రకారుఁడు దానికి సాక్ష్యమిచ్చును, విధింపఁడు.

తేది తెలియుటతోనే స్మరణము సిద్ధింపదనుటకు నోరుఁగంటి సమీపముననే నిదర్శనము కలదు. పరకాలలో 1947 సెప్టెంబరు 2న జాతీయపతాక మెత్తఁబోయిన జనులపైఁ గాల్పులు జరిగి పలువురు మడిసిరి. దినమునుగూర్చి సందేహము లేదు. అయినను వారి స్మారకమైన యమరధామము వెలసినది 2003లో. హైదరాబాదు సంస్థానము భారతదేశమునఁ జేరిన 1948 సెప్టెంబరు 17నుగూర్చియు దినవివాదము లేదు, నామవివాదము కలదు. 2022లో నొకరు విమోచనమనియు నొకరు సమైక్యతయనియు వేఱువేఱు నామముల జరిపిరి. 2024లో రాష్ట్రప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవమని వేఱొక నామము పెట్టెను. తిథి దొరకినచోఁ బేరు దొరకదు. పేరు దొరకినచోఁ దిథి దొరకదు.

పేరు ప్రస్తావమున నొకమాట. తెలుఁగు పత్రికలలో మృతిదినమునకు వర్ధంతి యను పదము రూఢమైనది. ఈ పదము వృద్ధ్యర్థక ధాతువునుండి వచ్చినది. కన్నడమున నిది జన్మదినోత్సవమునకుఁ జెల్లుచున్నది. ఓరుఁగంటి పతనమునకు వర్ధంతి యనుట యర్థవిరోధము. ప్రత్యాబ్దికము గృహస్థుని పితృకర్మ. స్మృతిదినమనుట నిర్దుష్టము.

ఆధునిక కాలమునఁ గాకతీయులను స్మరించిన ప్రయత్నములును బూర్వసూత్రమునే యనుసరించినవి. రాజమహేంద్రవరపు ఆంధ్రేతిహాస పరిశోధకమండలి 1935లోఁ గాకతీయసంచికను వెలువరించెను. శాసనములను, దేవాలయములను, వాఙ్మయమును విచారించుటయే యాసంచిక చేసిన స్మరణము. 2022 జూలై 7 మొదలు ప్రభుత్వము సప్తాహము జరుపఁగా, ప్రతాపరుద్రుని తమ్ముఁడు అన్నమదేవుని సంతతి యని చెప్పుకొను బస్తరు రాజవంశజుఁ డోరుఁగంటికి వచ్చెను. ఆ యుత్సవమునకుఁ బెట్టిన పేరు కాకతీయ వైభవ సప్తాహము. వైభవమును మాత్రము కీర్తించి పతనమును విడుచుట విలస శాసనకర్త చేయని పని. అతఁడు రెంటిని నొక్క పత్రముననే వ్రాసెను.

కాఁబట్టి సిద్ధాంతము. ఓరుఁగంటి పతనమున కొక యాంగ్లతేదిని గల్పించుట యసత్యము. సంవత్సరము తెలిసినది, దానికి శా. శ. 1245 అని శిలమీఁద వ్రాయవచ్చును. దినము కావలసినచో మహాలయ చతుర్దశి శాస్త్రసమ్మతము, జనుల కాచారసన్నిహితము. అంతకంటె ముఖ్యము, స్మరణమున కొక కార్యము తోడు గావలెను. కోటలో స్వయంభూదేవాలయము లేదు. దాని నాలుగు కీర్తితోరణములు మాత్రము నిలిచియున్నవి. ఆ తోరణమే 2014లోఁ దెలంగాణ రాజముద్రయం దెక్కినది. రాజముద్రలోని తోరణము నెఱిఁగిన బాలుఁడు దాని వెనుక నుండిన గుడి నెఱుఁగవలదా? స్మృతిదినమున నొక శాసనమైనఁ బాఠశాలలోఁ జదివింపఁబడవలెను, ఒక చెఱువుగట్టైన బాగుచేయఁబడవలెను, చెదరిన యొక శిలయైనఁ దనచోటఁ జేర్పఁబడవలెను. ప్రోలయయు, అనితల్లియు, షితాబుఖానును ముగ్గురును దిథికై వేచియుండక, చేతనైననాఁడు చేసిరి.