ట్యాంకు కింది గాజు గిన్నె

పాత ట్రాక్టరు బేరమాడేవాళ్లు టైర్లు చూస్తారు, ఇంజన్ చప్పుడు వింటారు, ఆయిల్ ఎక్కడైనా కారుతోందేమోనని వంగి చూస్తారు. ట్యాంకు కింద గుప్పెట్లో ఇమిడే గాజు గిన్నెను చూసేవాళ్లు తక్కువ. దాని పేరు సెడిమెంట్ బౌల్, అంటే మడ్డి దిగే గిన్నె. ఆ బండిని యజమాని ఎలా చూసుకున్నాడో తెలియాలంటే ముందు దాన్నే చూడాలి.

ఈ ఏర్పాటుకు పూర్వరూపం కారులో ఉంది. 1908లో ఫోర్డ్ కంపెనీ తెచ్చిన మోడల్ టి కారుకు పెట్రోలు పంపు లేదు. ముందు సీటు కింద ఉన్న ట్యాంకు నుంచి పెట్రోలు తన బరువుతో తానే కార్బ్యురేటర్‌కు దిగేది. ఆ రోజుల్లో పెట్రోలు డబ్బాల్లో, పీపాల్లో వచ్చేది. దానితో పాటే నీరూ తుప్పూ వచ్చేవి. మెత్తటి షామీ తోలులో వడపోసి పోసుకోమని కంపెనీ పుస్తకమే చెప్పింది. ఆ తోలు పెట్రోలును వదిలి నీటిని ఆపుతుంది. అయినా జారిపోయినదాన్ని పట్టడానికి ట్యాంకు అడుగున ఒక చిన్న లోహపు బుడ్డి, దానికో కాక్ ఉండేవి. కాక్ తిప్పి వంపితే తప్ప బుడ్డి లోపల ఏముందో తెలిసేది కాదు.

లోహం బదులు గాజు పెట్టడంతో ఈ కథ మలుపు తిరిగింది. 1939 జూన్‌లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు వచ్చింది. అంతకు ముందు ఏడాది హెన్రీ ఫోర్డ్, హారీ ఫెర్గూసన్ కాగితం మీద సంతకాలు లేకుండా చేతులు కలిపి కుదుర్చుకున్న ఒప్పందం ఫలితమది. నాగలిని హైడ్రాలిక్‌తో ఎత్తి దించే మూడు పాయింట్ల లింకేజీ గురించి లోకమంతా మాట్లాడుకుంది. అదే ట్రాక్టరులో ట్యాంకు కింద వేలాడిన గాజు గిన్నె గురించి చెప్పినవాళ్లు లేరు. యుద్ధకాలపు 2ఎన్‌లో, 1947 నుంచి 1952 దాకా 5 లక్షలకు పైగా తయారైన 8ఎన్‌లో కూడా ఆ గిన్నె కొనసాగింది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి ఫార్మాల్ ట్రాక్టర్లలోనూ అలాంటిదే ఉండేది. రైతు మెకానిక్ కోసం ఎదురు చూడకుండా తన కంటితోనే జబ్బు పట్టేయగలగడమే ఈ గిన్నె గొప్పతనం.

పనిచేసే తీరు సులువు. ఏటి నీళ్లు బిందెలో కదపకుండా ఉంచితే మడ్డి దిగి పైన తేటనీరు మిగులుతుంది కదా, ఇదీ అంతే. సన్నని దారిలో వచ్చిన పెట్రోలు వెడల్పు గిన్నెలోకి రాగానే వేగం తగ్గుతుంది. పెట్రోలు కన్నా బరువైన నీరు, తుప్పు రజను అడుగుకు చేరతాయి. తేట పెట్రోలు పైనున్న జాలీ గుండా కార్బ్యురేటర్‌కు పోతుంది.

9ఎన్, 8ఎన్‌లలో పెట్రోలు మట్టం చూపే ముల్లు లేదు. ఆ పని కూడా ఈ గిన్నె పైనున్న కాక్‌దే. రెండు చుట్లు తిప్పితే ట్యాంకు లోపల కాస్త ఎత్తుగా నిలబడ్డ గొట్టం నుంచి పెట్రోలు వస్తుంది. అది అయిపోయి ఇంజన్ తడబడితే కాక్‌ను చివరిదాకా తిప్పాలి. అప్పుడు అడుగున రిజర్వుగా మిగిలిన గ్యాలను దిగుతుంది. మడ్డి ఉండేది కూడా ఆ అడుగునే. అందుకే ఎప్పుడూ రిజర్వు మీద నడిపే బండికి గిన్నె తొందరగా నిండుతుంది.

శుభ్రం చేసేటప్పుడు ఇంజన్ చల్లబడి ఉండాలి, చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు. కాక్ కట్టేసి, గిన్నె కింది మరను వేళ్లతో వదులు చేసి, పట్టి ఉంచిన తీగను పక్కకు జరిపితే గిన్నె చేతిలోకి వస్తుంది. వెలుతురుకు ఎత్తి చూడండి. నీరుంటే పెట్రోలుతో కలవక అడుగున ముత్యంలా దొర్లుతుంది. ఎర్రటి రజను కనిపిస్తే ట్యాంకు లోపల తుప్పు మొదలైందన్నమాట. గిన్నెను, జాలీని కడిగి, గట్టిపడిన కార్క్ వాషర్ తీసేసి కొత్తది వేయాలి. మరను పానాతో బిగిస్తే గాజు పగులుతుంది, వేళ్ల బిగువు చాలు. కాక్ తెరిచాక మరను కాస్త వదులు చేసి, లోపలి గాలి పోయి పెట్రోలు నిండాక మళ్లీ బిగించాలి.

ట్యాంకులోకి నీరు వానవల్లే రానక్కర్లేదు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోని తేమగాలి రాత్రి చల్లబడి గోడల మీద చెమ్మగా మారుతుంది. సాయంత్రం ట్యాంకు నింపి ఉంచమని పాతవాళ్లు చెప్పింది ఇందుకే. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే రెండూ కలిసి అడుగున వేరుపడతాయి. మూత మీది గాలి రంధ్రం కూడా చూడాలి. అది పూడిపోతే ఇంజన్ కాసేపు నడిచి ఆగిపోతుంది, మూత వదులు చేయగానే మళ్లీ అందుకుంటుంది. ట్యాంకుకు చిల్లి పడితే మాత్రం ఖాళీ చేశాం కదా అని వెల్డింగుకు ఇవ్వకండి. ఖాళీ ట్యాంకులో నిలిచే ఆవిరి పేలుతుంది, ప్రాణాలు పోతాయి.

ఫెర్గూసన్ పేరు మనకూ కొత్తది కాదు. ఆయన సంస్థ 1953లో మాసీ హ్యారిస్‌తో కలిసింది. ఆ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లనే 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ మన పొలాలకు తెచ్చింది. అవి డీజిల్ బండ్లు. పాత డీజిల్ ఇంజన్లలో ఫీడ్ పంపు దగ్గర కనిపించే గాజు కప్పుదీ ఇదే పని. నీరు అక్కడ ఆగకపోతే ఇంజెక్షన్ పంపులోని సన్నటి భాగాలు తుప్పు పట్టి పాడవుతాయి, ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఈ మధ్య పాత పెట్రోలు ట్రాక్టర్లకు గాజు గిన్నె పీకేసి, గొట్టం మధ్యలో కాగితపు ఫిల్టరు పెడుతున్నారు. అది పంపు ఉన్న బండ్లకు పనికొచ్చే సరుకు. పెట్రోలు అడుగు ఎత్తు నుంచి దిగితే చదరపు అంగుళానికి మూడో వంతు పౌండు ఒత్తిడి కూడా రాదు. ఆ కాస్త ఒత్తిడితో పెట్రోలు కాగితాన్ని దాటలేక, బరువు లాగేటప్పుడు ఇంజన్ ఆకలితో ఆగుతుంది. గిన్నె పగిలితే గిన్నె కొనండి, వాషర్ పోతే వాషర్ మార్చండి, కానీ దాన్ని తీసి పారేయకండి.