ఓకే: అచ్చులో దొరికిన పుట్టుక

ఓకే అనే మాటకు పుట్టుకథలు చాలానే ప్రచారంలో ఉన్నాయి. అమెరికా ఆదివాసులైన చోక్టాల భాషలోంచి వచ్చిందని కొందరు, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వెంట వోలోఫ్ భాషలోంచి వచ్చిందని ఇంకొందరు అంటారు. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ చోక్టా వాదాన్ని నమ్మి, దానికి తగ్గట్టే స్పెల్లింగు మార్చి రాసేవారు. అయితే తేదీతో సహా చూపగలిగిన ఆధారం మనల్ని బోస్టన్‌కు తీసుకెళ్తుంది. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో, ఓ సరదా వార్త మధ్యలో, చిన్నబడి అక్షరాల్లో ఓ, కే, పక్కన గీత, ఆ వెంటనే ‘ఆల్ కరెక్ట్’ అనే వివరణ. పొడి అక్షరాలు ఏ, సీ కావాలి కదా అనిపిస్తుంది. మాటలను కావాలనే తప్పుగా రాసి, ఆ తప్పుల పొడి అక్షరాలను వాడడం అప్పటి పత్రికల వేడుక. ‘ఆల్ రైట్’కు ఓ, డబ్ల్యూ, చెల్లదనే ‘నో గో’కు కే, జీ. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యులు అలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలు గాలించి, 1963, 64ల్లో అమెరికన్ స్పీచ్ పత్రికలో ఈ సంగతులన్నీ నిరూపించారు.

అచ్చుకు ముందే జనం నోట ఉండకూడదా అనేది న్యాయమైన ప్రశ్నే. ఆదివాసుల మాట, బానిసల మాట ఆనాటి కాగితాలకెక్కడం అరుదు. కానీ ధ్వని, అర్థం కలిసినంత మాత్రాన చుట్టరికం తేలదు. ఆ మాట ఇంగ్లిషులోకి నడిచొచ్చిన దారి కనపడాలి. బోస్టన్ వాదానికి ఆ దారి ఉంది: పుట్టిన పద్ధతి, అదే పద్ధతిలో పుట్టిన తోబుట్టువులు, పక్కనే రాసిన అర్థం.

మరి తోబుట్టువులన్నీ మాసిపోగా ఇదొక్కటే ఎలా నిలిచింది? అది అచ్చయిన మరుసటి ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికలొచ్చాయి. మళ్లీ పోటీకి దిగిన అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనే ఆయన ముద్దుపేరుకూ అవే పొడి అక్షరాలు కావడంతో అభిమానులు ఓకే క్లబ్ పెట్టారు. ఆయనకు ముందు అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్‌ స్పెల్లింగు రాక ‘ఆల్ కరెక్ట్’ను అలా రాసేవారంటూ ప్రత్యర్థులు ఎగతాళిగా కథ అల్లారు. మెచ్చినవాళ్లూ వెక్కిరించినవాళ్లూ కలిసి దాన్ని దేశమంతా తిప్పారు. వాన్ బ్యూరెన్ ఓడినా మాట ఓడలేదు. తర్వాత వచ్చిన టెలిగ్రాఫ్‌లో, సందేశం అందిందని చెప్పడానికి రెండక్షరాలు చాలడం కలిసొచ్చింది. ఆపై అది రోజువారీ పనుల్లో అంగీకారానికి గుర్తయింది. ఇవాళ తెలుగులోనూ ‘ఓకే చేశారు’ అంటే ఆమోదించారనే. గొప్ప వంశం అంటగట్టకపోయినా దాని ఘనతకు లోటు లేదు. ఒక పత్రికా సరదాను ప్రపంచమంతా పనికొచ్చే మాటగా మార్చుకున్నది వాడిన జనమే.