సూపర్ అలాయ్‌ల సూక్ష్మనిర్మాణం

తన ద్రవీభవన స్థానానికి చేరువైన వేడిలోనూ బలం చెడని మిశ్రలోహాన్ని సూపర్ అలాయ్ అంటారు. జెట్ ఇంజన్లలోని టర్బైన్ రెక్కలను, డిస్కులను వీటితో చేస్తారు. మన దేశంలో ఈ లోహవిద్యకు ప్రధాన కేంద్రం హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్. రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్, 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) అక్కడే ఉన్నాయి.

సూపర్ అలాయ్‌లలో ఎక్కువ వాటికి ఆధారం నికెల్. అందులో కలిపిన అల్యూమినియం, టైటానియం గామా ప్రైమ్ అనే అతిసూక్ష్మ కణాలుగా ఏర్పడి, వేడిలో లోహం సాగకుండా అడ్డుపడతాయి. క్రోమియం తుప్పును ఆపుతుంది. కొద్దిపాటి బోరాన్, కార్బన్ లోహంలోని స్ఫటిక రేణువుల మధ్య సరిహద్దులను గట్టిపరుస్తాయి.

అయితే పాళ్లు సరిగ్గా కుదిరినంత మాత్రాన మంచి లోహం రాదు. ఇందుకు 718 అనే రకం సూపర్ అలాయ్‌ను మించిన ఉదాహరణ లేదు. మిధాని దీన్ని సూపర్‌ని 718 పేరుతో తయారుచేస్తుంది. దాదాపు 650 డిగ్రీల సెల్సియస్ వరకు దీని బలం నిలవడానికి ముఖ్య కారణం సుమారు 5 శాతం ఉండే నియోబియం. చిక్కు కూడా దానితోనే. లోహం గడ్డకట్టేటప్పుడు ముందు ఏర్పడే స్ఫటికాల్లో నియోబియం పూర్తిగా ఇమడదు. చివరిదాకా మిగిలే ద్రవంలోకి చేరుతుంది. అక్కడ లేవ్స్ అనే పెళుసు దశ పుడుతుంది. దిమ్మె లావైనకొద్దీ మెల్లగా చల్లారుతుంది, ఈ దోషం ముదురుతుంది. లేవ్స్ దశను తర్వాత వేడితో కరిగించవచ్చు గానీ, నియోబియం పెద్ద మచ్చలుగా పేరుకుంటే ఏ వేడి చికిత్సా వాటిని పోగొట్టలేదు.

అందుకే దశలవారీగా కరిగిస్తారు. వాక్యూమ్ ఇండక్షన్ కొలిమిలో గాలి సోకకుండా పాళ్లు కుదురుస్తారు. తర్వాత ఎలక్ట్రోస్లాగ్ పద్ధతిలో వేడి స్లాగ్ గుండా బొట్టుబొట్టుగా కరిగిస్తే గంధకం, మలినాలు తగ్గుతాయి. వాక్యూమ్ ఆర్క్ పద్ధతిలోనైతే నీటితో చల్లబరిచే రాగి మూసలో లోతు తక్కువ ద్రవం ఏర్పడి త్వరగా గడ్డకడుతుంది. కీలకమైన డిస్కుల కోసం మూడు పద్ధతులనూ వరుసగా వాడతారు. ఆపై దిమ్మెను 1,100 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచి లేవ్స్ దశను కరిగిస్తారు.

టర్బైన్ రెక్కల విషయంలో పోత పద్ధతి ఏకంగా పాళ్లనే మార్చింది. ఒక్క స్ఫటికమే ముందుకు ఎదిగేలా ఏర్పాటు చేసి, మూసను కొలిమి నుంచి నెమ్మదిగా కిందికి దించితే రెక్క మొత్తం ఒకే స్ఫటికంగా పెరుగుతుంది. సరిహద్దులే లేనప్పుడు బోరాన్, కార్బన్ అంతగా అవసరం లేదు. వాటిని తగ్గిస్తే లోహం కరగడం మొదలయ్యే ఉష్ణోగ్రత పెరుగుతుంది. డీఎంఆర్ఎల్ ఈ పద్ధతిని సాధించింది. హెలికాప్టర్ ఇంజన్ కోసం చేసిన 60 ఏకస్ఫటిక రెక్కలను 2021లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్)కు అందించారు.