ఎయిర్ రైఫిల్ మ్యాగజైన్: గుళ్లు ఇరుక్కోవడం, సవరణ

ఎయిర్ రైఫిల్‌లో సీసపు గుళ్లను (పెల్లెట్లను) వరసగా అందించే భాగం మ్యాగజైన్. ముందే నింపిన అధిక పీడన గాలితో పనిచేసే పీసీపీ రైఫిళ్లలో గుండ్రంగా తిరిగే రకం ఎక్కువ. బోల్టును లేదా పక్క మీటను వెనక్కి లాగినప్పుడు చక్రం ఒక గది మేర తిరుగుతుంది. ముందుకు తోసినప్పుడు సన్నని కడ్డీ గుండును బ్యారెల్‌లోకి నెడుతుంది.

కారణాలు: గుండు వెనుక అంచు పలుచన కాబట్టి సులభంగా సొట్టపోయి ఇరుక్కుంటుంది. మ్యాగజైన్ మందం కన్నా పొడవైన గుండు బయటికి పొడుచుకొచ్చి చక్రాన్ని ఆపుతుంది. సీసపు పొడి, మురికి పేరుకోవడం, స్ప్రింగు బిగువు తగ్గడం, గుండును నిలిపే రబ్బరు రింగు అరగడం, మీటను సగంలోనే వెనక్కి లాగడం ఇతర కారణాలు. సగంలో లాగితే బ్యారెల్‌లోకి ఒకేసారి రెండు గుళ్లు చేరవచ్చు.

సవరణ: ముందుగా బ్యారెల్‌ను సురక్షిత దిశకు తిప్పి, సేఫ్టీ వేయాలి. మీటను బలవంతంగా నొక్కకుండా వెనక్కి తీసి, మ్యాగజైన్‌ను బయటికి లాగాలి. సొట్టపోయిన గుళ్లను పారేసి, గదులను మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయాలి. మ్యాగజైన్ తీసినా బ్యారెల్‌లో గుండు ఉండవచ్చు. అది కదలకపోతే, తయారీదారు సూచనల ప్రకారం గాలి పూర్తిగా వదిలాకే శుభ్రపరిచే కడ్డీతో నెట్టాలి. స్ప్రింగు, రింగు అరిగితే మార్చాలి.

ఒలింపిక్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో మాత్రం మ్యాగజైన్ లేకుండా 4.5 మి.మీ. గుళ్లను ఒక్కొక్కటిగా చేత్తోనే నింపుతారు.