దంతం చెప్పే సాక్ష్యం, దాని హద్దు

సింధు నాగరికత లిపిని నేటికీ ఎవరూ నిర్వివాదంగా చదవలేకపోయారు. అక్షరం మౌనం వహించిన చోట చరిత్ర విద్యార్థి దంతాలను ఆశ్రయించవలసి వస్తుంది.

శిలల్లోని స్ట్రాన్షియం మట్టి, నీరు, పంటల ద్వారా మనిషి శరీరంలోకి చేరుతుంది. దాని ఐసోటోపుల నిష్పత్తి నేలను బట్టి మారుతుంది. ఎముక జీవితాంతం మార్పు చెందుతూనే ఉంటుంది. దంతంపై గట్టి పింగాణీ పొర మాత్రం బాల్యంలో ఏర్పడి, ఆపై మారదు. కనుక చిన్ననాడు త్రాగిన నీటి జాడ మరణానంతరమూ అందులో నిలిచి ఉంటుంది.

2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం రావీ తీరపు హరప్పా, హర్యానాలోని ఫర్మానా శ్మశానాల దంతాలలో స్ట్రాన్షియంను, సీసాన్ని పరీక్షించింది. క్రీ.పూ. 2600–1900 నాటి ఆ సమాధుల్లోనివారు దాదాపు అందరూ బాల్యంలో వేరే ప్రాంతాల నుండి వచ్చినవారేనని ఆ ఫలితాలు సూచించాయి.

ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆ శ్మశానాలు నగరవాసులందరివీ కావు. దంతం బాల్యం గడచిన నేలను సూచిస్తుందే గాని, కులాన్ని, వర్ణాన్ని తేల్చజాలదు. 1946లో వెలువడిన ‘శూద్రులెవరు?’ గ్రంథంలో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఆర్యజాతి సిద్ధాంతాన్ని ఆధారాలతో పరీక్షించి తిరస్కరించారు. మనకు ప్రియమైన వాదాలకూ అదే పరీక్ష వర్తించాలి.

పుట్టుకతో ఎవరూ హీనులు కారని తథాగతుడు వసల సుత్తంలో బోధించాడు. ఆ ధర్మానికి దంతపు సాక్ష్యం అక్కరలేదు. అయినా, నాలుగువేల ఏండ్ల క్రితమే ఈ ఉపఖండపు నగరాలు బయటినుండి వచ్చినవారికి తమ మట్టిలో చోటిచ్చాయన్న సంగతి మనం మరువరాదు.