బ్రాడ్ వీధి, 40వ నంబరు ఇల్లు

1855 వసంతం. లండన్‌లోని సోహో పేట. సెయింట్ లూక్స్ చర్చి సహాయ పాస్టర్ హెన్రీ వైట్‌హెడ్ మరణాల రిజిస్టర్ తిరగేస్తున్నాడు. వేరే ఏదో వెతుకుతుంటే ఒక పద్దు కంటపడింది. బ్రాడ్ వీధి, 40వ నంబరు. అయిదు నెలల ఆడపిల్ల. చనిపోవడానికి నాలుగు రోజుల ముందు విరేచనాలు పట్టుకుని, నీరసించి, సెప్టెంబరు 2న పోయింది. కలరా అన్న మాట అందులో లేదు.

ఆయన మనసులో తేదీలు కదిలాయి. అంతకుముందు ఏడాది కలరా ఆ పేట మీద విరుచుకుపడింది ఆగస్టు 31 రాత్రి. పసిబిడ్డకు జబ్బు చేసింది అంతకంటే ముందే! పైగా వీధి పంపు ఆ ఇంటి ముందే ఉంది.

వైట్‌హెడ్ ఇంటింటా విచారణకు పూనుకున్నది నిజానికి డాక్టర్ జాన్ స్నో మాట తప్పని తేల్చడానికి. కలరా చెడుగాలి వల్ల రాదు, ఆ పంపు నీళ్లలోనే ఉందన్నాడు స్నో. అవే నీళ్లు తాగి కోలుకున్నవాళ్లను కళ్లారా చూసిన పాస్టర్‌కు నమ్మబుద్ధి కాలేదు. స్నో గీసిన కలరా మరణాల పటం లోకమంతా ఎరిగినదే. నన్ను మాత్రం ఈ పాస్టర్ ఎక్కిన మెట్లే ఎక్కువగా కదిలిస్తాయి. 600 మందికి పైగా పోయిన పేట అది. కొన్ని గడపలు నాలుగైదుసార్లు తొక్కాడు. ఎవరు ఏ నీళ్లు తాగారు, ఎప్పుడు తాగారు అని ఓపిగ్గా అడిగాడు. తమవాళ్ల మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసిన మనిషి కాబట్టి వాళ్లు దుఃఖం దిగమింగుకుని చెప్పారు. వినగా వినగా ఆయన నమ్మకమే తారుమారైంది. పంపే ముద్దాయి.

ఇప్పుడు ఆ పసిబిడ్డ తల్లి ఎదుట కూర్చున్నాడు. పొత్తిగుడ్డలు ఎక్కడ ఉతికిందో అడిగాడు. బకెట్లలో నానబెట్టి, ఆ నీళ్లు ఇంటిముందు మురుగుగుంటలో పోశానని ఆమె చెప్పింది.

తవ్వించారు. గుంట ఇటుకలు పుచ్చిపోయి ఉన్నాయి. దానికీ పంపు బావికీ మధ్య మూడడుగుల దూరమైనా లేదు.

పోలీసు ఉద్యోగి అయిన ఆమె భర్తకు కలరా సోకింది అంతకుముందు ఏడాది సెప్టెంబరు 8న. స్నో మాట మీద పంపు పిడి ఊడదీసిందీ ఆ రోజే. భర్త మరో పదకొండు రోజులు బతికాడు. ఆ పదకొండు రోజులూ బకెట్లు మళ్లీ అదే గుంటలో ఒలికాయి. బావిలో నీళ్లున్నాయి, పంపుకు పిడి లేదు.