కొలువు బొమ్మల రంగులు: పేర్లు, వర్గీకరణ

దసరా కొలువులో పెట్టే చెక్కబొమ్మలకు, వాటి విడిభాగాలకు ఉన్న రంగులను గుర్తించి, పేరుపెట్టి, పట్టీ రాసుకునే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందుకు కోలారు జిల్లాలోని ముళబాగిలు అనువైన చోటు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం వినిపించే ఈ ఊళ్లో పాత మైసూరు రాజ్యపు ఆనవాయితీ ప్రకారం కొలువు దసరాకే తీరుస్తారు. కోస్తాంధ్రలో చాలా ఇళ్లలో అది సంక్రాంతి పని. బెంగళూరు నుంచి పలమనేరు, చిత్తూరు మీదుగా తూర్పుకు పోయే పాత బాట మీద ఉండడంతో ముళబాగిలుకు ఒకపక్క చన్నపట్నం లక్కబొమ్మలు, మరోపక్క తిరుపతి ఎర్రచందనపు బొమ్మలు అందుబాటులో ఉన్నాయి. వాటి పక్కన కొండపల్లి ఏనుగు అంబారీ, ఏటికొప్పాక లక్కపిడతలు చేరితే ఒకే మెట్టు మీద మూడు రకాల ఎరుపులు కనబడతాయి. మూడింటినీ ‘ఎరుపు’ అని రాసుకున్న పట్టీ ఎందుకూ కొరగాదు.

పట్టీ అవసరం అసలు విడిభాగాల వల్లే వస్తుంది. బొమ్మ ముక్కలు కావడం అరుదు. పోయేది లక్కపిడతల్లో గిన్నె మూత, అంబారీ మీది గొడుగు, చదరంగంలో ఒక బంటు. పోయినదానికి జత వెతికేటప్పుడు ఆకారం సులువుగానే కుదురుతుంది, రంగే కుదరదు.

రంగు ఎక్కడుంది?

వర్గీకరణలో మొదటి ప్రశ్న ఏ రంగు అని కాదు. రంగు వస్తువులో ఎక్కడుంది అని. ఈ లెక్కన కొలువు బొమ్మలు మూడు తెగలు.

మొదటిది చెక్క రంగు. మైసూరు సీమలో ‘పట్టద గొంబె’ అనే రాజా రాణి జంటను ఎర్రచందనంతో చెక్కేవారు. ఇక్కడ పైపూత లేదు, చెక్కలోని శాంటలిన్ అనే వర్ణకమే ఎరుపు. ఏళ్లు గడిచేకొద్దీ అది నల్లబారుతుంది, కాబట్టి నాయనమ్మ నాటి జంటకూ కొత్త జంటకూ రంగు కలవకపోవడం లోపం కాదు. శేషాచలం, పాలకొండల వంటి తూర్పు కనుమల దక్షిణ భాగానికే పరిమితమైన ఈ చెట్టు, అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉంది.

రెండోది లక్క రంగు. చన్నపట్నంలోనూ, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న వరాహ నది ఒడ్డు ఊరు ఏటికొప్పాకలోనూ వాడే చెట్టు ఒక్కటే. తెలుగులో అంకుడు, కన్నడంలో ఆలె మర, శాస్త్రనామం రైటియా టింక్టోరియా. లక్క పురుగు విడిచే జిగురును శుభ్రం చేసి, వేడిమీద రంగు కలిపి కడ్డీలుగా చేస్తారు. లేతు మీద గిర్రున తిరిగే చెక్కకు ఆ కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో అదిమి మెరుగు పెడతారు. అందుకే లక్కబొమ్మలో రంగులు చుట్టూ తిరిగే పట్టీలుగా, కోసినట్టున్న అంచుల్తో ఉంటాయి. పెచ్చు ఊడితే తెల్లని చెక్క బయటపడుతుంది. శుభ్రం చేద్దామని స్పిరిటు, శానిటైజరు పూస్తే మాత్రం పని చెడుతుంది. లక్క ఆల్కహాలులో కరుగుతుంది.

మూడోది పూత రంగు. కొండపల్లిలో తేలికైన తెల్లపొణికి చెక్కతో కాళ్లు, చేతులు, తొండం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తెల్లపూత పూసి దానిమీద కుంచెతో రంగులు దిద్దుతారు. నిర్మల్ బొమ్మలదీ పొణికి చెక్కే. ఆకురసాల కాలం పోయి ఎనామిల్ వచ్చాక ఈ తెగలో రంగుల సంఖ్య బాగా పెరిగింది, నిలకడ తగ్గింది. ఏ డబ్బా కొంటే ఆ ఎరుపు.

పేర్ల చిక్కు

తెలుగులో ‘పచ్చ’ ఒక్కటే రాస్తే పసుపుపచ్చో ఆకుపచ్చో తేలదు. చీరల దుకాణం మాటలు ఈ విషయంలో మెరుగు: చిలకపచ్చ, నెమలికంఠం, ఉల్లిపొర, వంగపండు, మిఠాయి, కనకాంబరం. ప్రతి పేరుకూ కళ్లముందు ఒక వస్తువుంది. అయినా ఉల్లిపొర ప్రతి ఇంటా ఒకేలా ఉండదు కదా.

ఈ చిక్కు మనది మాత్రమే కాదు. డెన్మార్కు లెగో ఇటుకలకు కంపెనీ పెట్టిన పేరొకటి, సేకర్తలు పిలిచేది మరొకటి. కంపెనీ ‘బ్రిక్ యెల్లో’ అన్నదాన్ని, 2000లో మొదలైన బ్రిక్‌లింక్ అనే విడిభాగాల సంత ‘టాన్’ అంటుంది. కంపెనీ ‘డార్క్ గ్రీన్’ సంతలో వట్టి ‘గ్రీన్’, సంతలోని ‘డార్క్ గ్రీన్’ కంపెనీకి ‘ఎర్త్ గ్రీన్’. 2004లో పాత బూడిదరంగులు తీసేసి కాస్త నీలం కలిసినవి తెచ్చినప్పుడు పాత సెట్లకు జత దొరక్క సేకర్తలు గోలపెట్టారు. 2019లో ఆ సంతను లెగోయే కొనుక్కున్నా రెండు పేర్ల పట్టికలూ బతికే ఉన్నాయి. లెగోకు ఒక వెసులుబాటుంది: ప్రతి రంగుకూ అంకె ఉంది.

మన దగ్గర అంకె పూత రంగులకు దొరుకుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 5 పట్టికలో ఎనామిల్ రంగులకు సంఖ్యలున్నాయి: స్కై బ్లూ 101, సిగ్నల్ రెడ్ 537, పోస్టాఫీస్ రెడ్ 538. కొండపల్లి బొమ్మ ఎరుపును ఆ నమూనా కార్డుతో పోల్చి ‘538కి దగ్గర’ అని రాసుకోవచ్చు. లక్క రంగులకు ఇది నప్పదు. లక్కలో వెలుగు లోపలిదాకా పోయి వస్తుంది, కార్డు మీది రంగు చదునుగా ఉంటుంది.

వెలిసిన రంగులు

1990ల ప్రాంతంలో ఏటికొప్పాకలో బొమ్మల కళాకారుడు సి.వి. రాజు రసాయన రంగుల స్థానంలో చెట్ల రంగులను తిరిగి నిలబెట్టారు. పసుపు, జాఫరా గింజలు, నీలిమందు వంటివాటితో లక్కకు రంగు కట్టారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చాయి. సేకర్త గమనించాల్సింది వీటి వయసు. పసుపులోని కుర్కుమిన్ ఎండకు తట్టుకోదు, నీలిమందు చాలాకాలం నిలుస్తుంది. ఆ రెండూ కలిపి చేసిన ఆకుపచ్చ కిటికీ పక్కన పెడితే ఏళ్లమీద నీలం వైపు జరుగుతుంది. అందుకని రంగును ఎప్పుడూ బొమ్మ అడుగున, వెలుతురు సోకని చోట చూసి రాయాలి. పట్టీలో నాలుగు మాటలు చాలు: తెగ, పేరు, ముదురో లేతో, చూసిన సంవత్సరం. అంతకుమించి గడులు గీసినవాళ్ల పుస్తకాలు సగంలోనే ఆగిపోతుంటాయి.

తెగ రాయడానికి మరో కారణం ఆరోగ్యం. పాత ఎనామిల్ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసాన్ని పది లక్షల్లో 90 వంతులకు పరిమితం చేసిన నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. 2021 జనవరి 1 నుంచి అమలైన బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ, నమోదైన హస్తకళాకారుల సరుకుకూ మినహాయింపు ఇచ్చింది. అంటే ఆ ఉత్తర్వు కోరే నాణ్యత ముద్ర లేనంత మాత్రాన కొలువు బొమ్మ చెడ్డది కాదు, దాని రంగు ఏమిటో కొనేవాళ్లే అడిగి తెలుసుకోవాలి. ఏ ఎనామిల్‌తో పూశారో తెలియని పాత బొమ్మలను పై మెట్టు మీదే ఉంచండి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి ఇవ్వకండి, పెచ్చులను గోకకండి.